"అమ్మా, నేను నీ కొడుకునా, నీ మొక్కుబడినా?"

ప్రశ్న: అక్కా, రెండేళ్ల కిందట మా అబ్బాయికి మెదడువాపు జ్వరం వచ్చి 11 రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఆరో రోజు రాత్రి ఆసుపత్రి మెట్ల మీద కూలబడి, "ప్రభువా, వీణ్ణి బతికిస్తే నా ప్రాణం ఉన్నంతవరకు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంటసేపు ప్రార్థన చేస్తాను" అని మొక్కుకున్నాను. వాడు బతికాడు. సంఘంలో సాక్ష్యం చెప్పాను. "విశ్వాసమంటే మీదే" అంటారు అందరూ. కొన్ని నెలల తర్వాత ఒకరోజు అలారం మోగినా లేవలేకపోయాను. ఆ సాయంత్రమే వాడికి ఒళ్లు వెచ్చబడింది. మామూలు జలుబే. కానీ అప్పటినుంచి నా బతుకు నాది కాదు. ప్రార్థనలో మనసు పక్కకు పోతే మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాను. గంట కాస్తా రెండు గంటలవుతోంది. రాత్రి మూడు నాలుగుసార్లు లేచి వాడి నుదురు తాకి చూస్తాను. మంచం పక్కన 91వ కీర్తన మూడుసార్లు చదువుతాను, ఒక్క మాట తడబడినా మళ్లీ చదవాల్సిందే. మా ఆయన విసుక్కుంటున్నారు. వాడికిప్పుడు 17 ఏళ్లు. మొన్న నా చెయ్యి తోసేసి, "అమ్మా, నేను నీ కొడుకునా, నీ మొక్కుబడినా?" అన్నాడు. దేవుణ్ణి ప్రేమిస్తున్నాననే అనుకుంటున్నాను. కానీ నమ్మలేకపోతున్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. — ఒక తల్లి

జవాబు:

చెల్లెమ్మా,

వాడు అడిగిన మాట మీకు ములుకులా గుచ్చుకుని ఉంటుంది. నాకు మాత్రం, మీ ఇంట్లో ఏం జరుగుతోందో అందరికంటే ముందు పసిగట్టింది వాడేననిపించింది. వాడికి ఏం చెప్పాలో చివర్లో మాట్లాడుకుందాం. ముందు ఆ ఆసుపత్రి మెట్ల దగ్గరికి వెళ్దాం.

ఆ రాత్రి మీరు మొక్కుకున్నందుకు నేను తప్పుపట్టను. లోపల బిడ్డ కొట్టుమిట్టాడుతుంటే తల్లి నోట ఏ మాటైనా వస్తుంది. చేతిలో ఇంకేమీ లేదు, ఉన్న నిద్రనే ఇస్తానన్నారు. చిక్కు ఆ తర్వాత మొదలైంది. వాడు బతికింది ఆ మాట వల్లేనని మీరు మనసులో లెక్క కట్టుకున్నారు. మాట వల్ల బతికినవాడు మాట తప్పితే పోతాడు. ఆ లెక్క ఎటు తిప్పినా అక్కడికే చేరుతుంది మరి. సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ అది ఇంకాస్త గట్టిపడింది. మెచ్చుకున్నవాళ్లు మంచి మనసుతోనే మెచ్చుకున్నారు, కాదనను. కానీ "నాకు భయంగా ఉంది" అని చెప్పుకునే చోటు మీకు లేకుండా చేశారు.

మార్కు సువార్త 9వ అధ్యాయంలో ఒక తండ్రి ఉన్నాడు, గుర్తుందా? కొడుకు చిన్నప్పటినుంచీ ఉన్నట్టుండి పడిపోయేవాడు, నురుగు కక్కేవాడు, నిప్పులోనో నీళ్లలోనో పడేవాడు. ఆ తండ్రి యేసు దగ్గరికి వచ్చి "ఏమైనను నీవలన నైతే" అంటాడు. నీ వల్ల అవుతుందో లేదో, అయితే చూడు అన్నట్టు! ఆ తర్వాత "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఏడుస్తాడు. నమ్మకం, అపనమ్మకం రెండూ ఒకే ఊపిరిలో. ఆయన మొక్కు ఏదీ మొక్కలేదు, గంటల లెక్క చెప్పలేదు. పిల్లవాడు బాగుపడ్డాడు. ఇంటికెళ్లాక ఆ తండ్రి రాత్రిళ్లు ఎన్నిసార్లు లేచి కొడుకును చూసుకున్నాడో సువార్తలో లేదు. కొన్నాళ్లు చూసుకునే ఉంటాడని నాకనిపిస్తుంది.

ఇంకొకటి. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడతారు. కృతజ్ఞత చెప్పడానికి ఒక్కడే తిరిగొస్తాడు, అతను సమరయుడు. "ఆ తొమ్మండుగురు ఎక్కడ?" అని యేసు అడిగాడు. అడిగాడు, అంతే. దారిలో వాళ్లకు కుష్ఠు మళ్లీ అంటుకుందని లూకా రాయలేదు. అలారానికి లేవని ఒక్క రోజుకు మీ అబ్బాయికి జ్వరం పంపే దేవుడైతే, ఆ తొమ్మండుగురి గతి ఏమై ఉండాలి?

ఇది చదివి మీరు వెంటనే "మరి ప్రసంగి 5వ అధ్యాయం?" అంటారు. మొక్కుకుంటే చెల్లించడంలో ఆలస్యం చెయ్యకు, మొక్కి చెల్లించకపోవడం కంటే మొక్కకపోవడమే మేలు అన్న మాట అక్కడ ఉంది. ఉంది, దాన్ని నేను దాటెయ్యను. కానీ దాంతో పాటు లేవీయకాండము చివరి అధ్యాయం కూడా చదవండి. ఏడాదిలో బైబిలు పూర్తిచేసే పట్టికలో అందరం గబగబా దాటేసే అధ్యాయం అది. మనుషుల్ని దేవునికి మొక్కుకున్నప్పుడు ఎవరికి ఎంత వెల కట్టాలో అందులో తులాల లెక్కన ఉంటుంది. 20 నుంచి 60 ఏళ్ల మగవాడికి 50 తులాలు, స్త్రీకి 30, ఇలా. ఆ లెక్కల మధ్యలో 8వ వచనం ఏమంటుందో చూడండి: మొక్కుకున్నవాడు అంత ఇచ్చుకోలేని బీదవాడైతే యాజకుడి దగ్గరికి రావాలి, యాజకుడు అతని స్తోమతు చూసి దానికి తగ్గట్టు వెల తగ్గించి కట్టాలి. మోషే ధర్మశాస్త్రంలోనే, అంత కఠినమని మనం అనుకునే ఆ పుస్తకంలోనే, తాహతుకు మించి మొక్కుకున్నవాడికి ఒక దారి పెట్టి ఉంది. దానికి షరతు ఒక్కటే, వచ్చి చెప్పుకోవాలి.

మీరు చెయ్యంది అదే. రెండేళ్లుగా ఈ అప్పు ఒక్కరే మోస్తున్నారు. కాబట్టి మీ పాస్టరుగారి దగ్గరికో, ఆయనతో ఇబ్బంది అనుకుంటే మీరు గౌరవించే పెద్దావిడ దగ్గరికో వెళ్లండి. సాక్ష్యం చెప్పినంత ధైర్యంగా ఇది కూడా చెప్పండి: "నేను ఇంత మొక్కుకున్నాను, మొయ్యలేకపోతున్నాను." వాళ్ల ముందే ప్రార్థన చేసి ఆ గంటను దేవునికి అప్పగించేసి రండి. దాని బదులు మీ తాహతుకు తగ్గది ఏదైనా పెట్టుకోవచ్చు, పెట్టుకోకపోనూవచ్చు. నన్నడిగితే కొన్నాళ్లపాటు ఏదీ పెట్టుకోవద్దంటాను. మీ చేతికి కొత్త మొక్కు ఇస్తే దాన్నీ గడియారంతో కొలవడం మొదలుపెడతారు. ఒకవేళ ఎవరైనా "మొక్కు మొక్కే, తప్పితే కీడు" అంటే, వాళ్లతో వాదించకండి. లేచి వచ్చేయండి, ఇంకొకరిని వెతకండి.

91వ కీర్తన గురించి కూడా ఒక మాట. నా కూతురు మొదటిసారి దూరప్రయాణం వెళ్లినప్పుడు నేనూ ఆ కీర్తన పట్టుకుని కూర్చున్నదాన్నే. అందులో "నీ పాదములకు రాయి తగులకుండ" దూతలు నిన్ను ఎత్తి పట్టుకుంటారన్న మాట ఉంది కదా. సువార్తలో ఆ మాటను వల్లించింది ఎవరో తెలుసా? సాతాను. మత్తయి 4లో దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, రాసి ఉంది కదా, దూకు, ఏమీ కాదు అంటాడు. కీర్తనను హామీపత్రంలా వాడుకోమన్నది వాడు. యేసు దూకలేదు, "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్నాడు. ఇది మిమ్మల్ని దెప్పడానికి చెప్పడం లేదు. ఆ కీర్తన మీ నోట మళ్లీ పాటగా మారాలంటే, దాన్ని కొన్నాళ్లు మీ అబ్బాయి మంచం దగ్గరికి తీసుకెళ్లకండి. పగలు, వెలుతురులో, ఒక్కసారి చదువుకోండి. తడబడితే తడబడనివ్వండి.

మీకు జరుగుతున్నది కొత్తది కాదు. సంఘంలో శతాబ్దాలుగా దీనికి ఒక పేరుంది, స్క్రూపులాసిటీ అని. అది లాటిన్‌లో చిన్న పదునైన రాయి అనే మాట నుంచి వచ్చింది. మన చెప్పులో రాయే అనుకోండి. రాయి ఎంతో ఉండదు, అడుగు తీసి అడుగు వెయ్యనివ్వదు. ప్రొటెస్టెంట్ సంఘాలకు ఆద్యుడైన మార్టిన్ లూథర్‌ను ఇదే వేధించింది. 1505లో పిడుగులు పడే వానలో చిక్కుకుని, ప్రాణభయంతో, బతికితే సన్యాసినవుతానని మొక్కుకున్నాడాయన. మీ మెట్ల మీది రాత్రికి అన్నలాంటిది ఆ వాన. మఠంలో చేరాక తన పాపాలు ఏరి ఏరి గంటలకొద్దీ ఒప్పుకునేవాడు. బయటికొచ్చాక ఇంకోటి మరిచిపోయానని మళ్లీ వెళ్లేవాడు. ఆయన గురువు స్టౌపిట్జ్ విసిగిపోయి, దేవుడు నీ మీద కోపంగా లేడయ్యా, నువ్వే ఆయన మీద కోపంగా ఉన్నావు అన్న అర్థం వచ్చేలా చెప్పాడట. దేవుణ్ణి ప్రేమించడం మాట అటుంచి, ఆయన్ని ద్వేషించాననే లూథర్ తర్వాత రాసుకున్నాడు. మీరు నాతో "నమ్మలేకపోతున్నాను" అన్నారు. ఆయన అంతకంటే గట్టి మాటే అన్నాడు. ఆ ద్వేషంలోంచే ఆయనకు దారి దొరికింది.

ఇక అసలు భయం. "నమ్మితే వాడికి మళ్లీ ఏమీ కాదు కదా, అక్కా?" అని మీరు రాయలేదు గాని, ఉత్తరం నిండా ఉన్నది అదే. ఆ హామీ నేనివ్వలేను. బైబిల్లో బాగుపడిన ప్రతి ఒక్కరూ, సమాధిలోంచి లేచొచ్చిన లాజరుతో సహా, ఏదో ఒకరోజు పోయినవాళ్లే. అదే లూథర్, నమ్మకం గురించి జీవితమంతా బోధించినవాడు, 1542లో 13 ఏళ్ల కూతురు మగ్దలేనాను పోగొట్టుకున్నాడు. బిడ్డ ప్రభువు దగ్గర ఉందని సంతోషమే, కానీ శరీరానికి ఈ దుఃఖం ఎంత కష్టంగా ఉందోనని కుమిలిపోయాడు. దానికి కారణం ప్రార్థనలో ఏదో లోపమేనని ఎవరైనా అనగలరా? మీకు ఈ మాట చెప్పకుండా ఉండొచ్చు. కానీ మీరు రోజూ నాలుగింటికి లేచి పారిపోతున్నది ఈ మాట నుంచే. వాడు బతికినందుకు మీ ప్రార్థన వెల కాదు. రేపు ఏదైనా జరిగితే మీ నిద్ర కారణమూ కాదు. వాడి ప్రాణం మీ చేతిలో లేదు, ఆ మెట్ల మీద కూర్చున్న రాత్రి కూడా లేదు. ఆయన్ని నమ్మడమంటే ఇంతకుమించి నాకు తెలిసింది తక్కువ. వాడి ప్రాణం ఎవరి చేతిలో ఉందో ఆ చెయ్యి మీకు తెలిసినదే.

ఇంత చెప్పాక కూడా ఒకటి చెప్పకపోతే నా పని సగమే అవుతుంది. ఒక మాట తడబడితే మళ్లీ మొదటినుంచి చదవడం, వద్దనుకున్నా చెయ్యి నుదుటి మీదికి పోవడం, చెయ్యకపోతే కీడు జరుగుతుందన్న భయం... డాక్టర్లు ఓసీడీ అనే జబ్బు కొందరిలో ఇలా భక్తి రూపంలో కనిపిస్తుంది. మీకు అదే ఉందని ఉత్తరం చదివి చెప్పడం నాకు తగదు. మానసిక వైద్యుడికి చూపించుకోమని చెప్పడం మాత్రం తగుతుంది. దీని పనితీరు ఇలా ఉంటుంది: నుదురు తాకగానే గుండె కుదుటపడుతుంది. కుదుటపడింది కాబట్టి, తాకడం వల్లే వాడు బాగున్నాడని మనసు నేర్చుకుంటుంది. మరుసటి రాత్రి మళ్లీ తాకమంటుంది. చికిత్సలో దీన్ని తిరగేస్తారు. భయం వచ్చినా తాకకుండా ఉండటం కొంచెం కొంచెంగా అలవాటు చేయిస్తారు. మొదట భయం పెరుగుతుంది, కాసేపటికి దానంతటదే దిగుతుంది. అవసరమైతే మందులూ ఇస్తారు, వాటి గుణం తెలియడానికి వారాలు పడుతుంది. "విశ్వాసి మాత్రలు మింగడమేమిటి" అన్న మాట మీ చెవిన పడొచ్చు. మీ అబ్బాయిని ఐసీయూలో పెట్టినప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు కదా.

వాడి ఆరోగ్యం సంగతి వేరు. డాక్టరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు తీసుకెళ్లండి, ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తాలో ఆయన్నే అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితంలో లేని భయాలకు రాత్రి లేవకండి.

మీవారి విసుగు గురించి ఎక్కువ చెప్పను. ఆయనకు ఈ ఉత్తరం చూపించండి, మీ ఉత్తరంతో కలిపి. "మా ఆయన విసుక్కుంటున్నారు" అన్న వాక్యం ఉంది, చూస్తే చూడనివ్వండి. ఆ 11 రోజులు ఆయన ఎక్కడ కూర్చున్నారో, ఏమని అడిగారో మీరు రాయలేదు. ఎప్పుడైనా అడిగారా? ఆయన దగ్గరా ఒక రాత్రి ఉండే ఉంటుంది.

ఇప్పుడు వాడు. పాస్టరుగారి దగ్గరికి వెళ్లి వచ్చిన రోజే వాడితో కూర్చోండి. బోధ వద్దు, వాక్యం వద్దు, ఏడుపు వస్తే రానివ్వండి. "నువ్వు నా కొడుకువే. నాకు చాలా భయమేసింది, ఆ భయాన్ని నీ మంచం మీద పెట్టాను" అని చెప్పండి. రాత్రిళ్లు గది తలుపు వేసుకుని పడుకోమనండి. తర్వాత మీ ఫోను వాడి చేతికిచ్చి ఆ నాలుగింటి అలారం తీసెయ్యమనండి. దాని బదులు ఎన్నింటికి పెట్టాలో వాణ్ణే అడగండి.