కూల్చకుండా పాత రైల్వే స్టేషన్‌ను కొత్తగా మార్చవచ్చా? సెయింట్ పాంక్రాస్‌లో నేను చూసింది

పాత స్టేషన్ భవనాన్ని అలాగే ఉంచి ఈ కాలపు రైళ్లకు పనికొచ్చేలా మార్చవచ్చా, లేక కూల్చి కట్టడం తప్ప దారి లేదా అని అడిగారు. మార్చవచ్చు. లండన్‌లో ఉద్యోగం చేసిన ఆరేళ్లూ నేను సెయింట్ పాంక్రాస్ స్టేషన్ మీదుగా తిరిగాను. చాలాకాలం అది నాకు పెద్ద ఎర్ర ఇటుకల భవనం, అంతే. దాని అసలు సంగతి మా నాన్న వచ్చినప్పుడు గానీ తెలియలేదు.

నాన్న జీవితమంతా సివిల్ పనుల్లోనే గడిపారు. పారిస్ రైలు కోసం ఇద్దరం గంటన్నర ముందే చేరుకున్నాం. కింది అంతస్తులో ఇనుప స్తంభాల వరుసలు చూసి ఆయన ఆగిపోయారు. సూట్‌కేసు నా చేతికిచ్చి, ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా అంగలు వేశారు. ఆరు. పక్క వరుసలోనూ ఆరే. "జనం తిరిగే చోట ఇంత దగ్గర దగ్గరగా ఎవరైనా పెడతారురా?" అన్నారు.

ఆయన అనుమానం నిజమే. ఆ అంతస్తు జనం కోసం కట్టింది కాదు, బీరు పీపాల కోసం. స్టేషన్‌కు ఉత్తరాన ఒక కాలువ ఉంది. దాని మీదుగా రావాలి కాబట్టి పట్టాలు వీధి కన్నా దాదాపు ఒక అంతస్తు ఎత్తులో వచ్చాయి. ఆ కింది భాగాన్ని ఇంజినీర్ విలియం బార్లో మట్టితో పూడ్చేయకుండా గోదాముగా కట్టాడు. బర్టన్ ఊరి నుంచి రైళ్లలో వచ్చే పీపాలు అక్కడ దింపేవాళ్లు. స్తంభాల మధ్య 14 అడుగుల పైచిలుకు ఎడం కూడా పీపాల కొలతను బట్టి వేసిన లెక్కే.

స్టేషన్ 1868లో మొదలైంది. పైన కప్పు వెడల్పు 240 అడుగులు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. అప్పటికి ప్రపంచంలో ఒకే కమానుతో అంత వెడల్పు కప్పు ఇంకొకటి లేదు. కమాను కాళ్లు పక్కలకు జారకుండా పట్టి ఉంచేది ప్లాట్‌ఫారం కింది దూలాలే. విల్లుకు నారి ఎలాగో ఆ కమానుకు నేల అలాగ. నాన్నకు ఇది చెప్పగానే తలెత్తి కప్పు చూసి, మళ్లీ వంగి నేల చూశారు. ఆ రోజు రైలు తప్పిపోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్.

ఇంత గొప్ప కట్టడం కూడా కొద్దిలో దక్కింది. స్టేషన్ ముందు భాగంలో ఉన్న హోటల్ 1935లోనే మూతపడింది. దగ్గర్లోని యూస్టన్ స్టేషన్ రాతి ద్వారాన్ని 1961–62లో కూల్చేశారు. ఆ తర్వాత వంతు సెయింట్ పాంక్రాస్‌ది అనుకుంటున్న రోజుల్లో కవి జాన్ బెట్జెమన్, ఆయనతో పాటు ఎంతోమంది పట్టుబట్టి పోరాడారు. 1967లో దానికి గ్రేడ్ వన్ రక్షణ వచ్చింది, అంటే అక్కడ చారిత్రక కట్టడాలకిచ్చే అన్నిటికన్నా పై స్థాయి రక్షణ. పై ప్లాట్‌ఫారం దగ్గర బెట్జెమన్ కంచు విగ్రహం ఉంది. టోపీ ఊడిపోకుండా చేత్తో పట్టుకుని కప్పు వైపు చూస్తుంటాడు. నేను వెళ్లినప్పుడల్లా అక్కడ ఒక నిమిషం ఆగేవాణ్ని.

కూల్చకపోయినా చాలా ఏళ్లు అది పాడుపడే ఉంది. ఇంగ్లిష్ చానల్ సొరంగం రైళ్లను అక్కడికి తేవాలని నిర్ణయించాకే దశ తిరిగింది. దాదాపు 80 కోట్ల పౌండ్ల పని. ఆ రైళ్ల పొడవు 400 మీటర్లు, పాత కప్పు పొడవు 210 మీటర్లు. పాత కమానును సాగదీయలేదు, దాన్ని అనుకరిస్తూ ఇంకొకటీ కట్టలేదు. వెనక చదునుగా కొత్త కప్పు వేశారు. ఏది పాతదో ఏది కొత్తదో చూడగానే తెలుస్తుంది. అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం. పీపాల గోదామే ప్రయాణికుల హాలైంది. అక్కడికి వెలుతురు, ఎస్కలేటర్లు రావడానికి పై నేలను పొడవునా కోశారు. నారి లాంటి నేలను కోయడం అంటే మాటలు కాదు. కమాను బలం తగ్గకుండా చూసుకుంటూ చేయాల్సిన పని అది. 2007 నవంబరు 14న పారిస్, బ్రస్సెల్స్ రైళ్లు అక్కడి నుంచి మొదలయ్యాయి.

అందరికీ సమానంగా కలిసొచ్చిందని మాత్రం చెప్పను. ఇంగ్లండ్ మధ్య భాగంలోని లెస్టర్ వైపు రోజూ తిరిగేవాళ్ల రైళ్లు ఇప్పుడు ఆ కొత్త చదును కప్పు కింద ఆగుతాయి. అసలు ఆ స్టేషన్ కట్టింది ఆ దారి కోసమే.

మీ స్టేషన్ విషయంలో ముందుగా పాత డ్రాయింగులు వెతికించండి. ఏ గోడ, ఏ దూలం దేన్ని మోస్తోందో తెలియకుండా ఏదీ తేల్చవద్దు. తీసేయక తప్పని వాటిని కూడా కొలతలు రాసుకుని, ఫొటోలు తీసుకుని, దాచి ఉంచండి. సెయింట్ పాంక్రాస్ పాత గడియారం 1970లలో దింపుతుండగా పడి ముక్కలైంది. ఒక రైల్వే గార్డు ఆ ముక్కలు కొనుక్కుని, నాటింగ్‌హామ్‌షైర్‌లో తన పశువుల కొట్టం గోడకు మళ్లీ అతికించుకున్నాడు. పునర్నిర్మాణంలో కొత్త గడియారం చేయాల్సి వచ్చినప్పుడు దాన్ని చూసే కొలతలు తీసుకున్నారు.