నేను మాట్లాడకపోతే పొగరంటున్నారు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది పరకాల దగ్గర ఒక ఊరు. హన్మకొండలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను, రోజూ బస్సులో వెళ్లొస్తాను. పోయినేడు హైదరాబాద్‌లో పరీక్షలు చేసి నాకు ఆటిజం ఉందని, అంటే మెదడు పనిచేసే తీరు పుట్టుకతోనే వేరుగా ఉందని చెప్పారు. చిన్నప్పటి నుంచీ నేను తక్కువే మాట్లాడతాను. మాటలు రాక కాదు, వాళ్లు అడిగింది అర్థం చేసుకుని జవాబు కూడగట్టుకునేలోపే వేరే సంగతిలోకి వెళ్లిపోతారు. ఎవరైనా పలకరిస్తే మొహంలోకి చూడలేను, పుస్తకం వైపు చూస్తాను. దానికి పొగరని పేరు పెట్టారు. ఒక ముగ్గురైతే నేను నడిచినట్టు, తల దించుకున్నట్టు చేసి చూపించి నవ్వుతారు. సెమినార్ రోజు మా సార్ అందరి ముందూ "నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా" అన్నారు. పండక్కి బతుకమ్మ ఆడకుండా పక్కన కూర్చున్నానని మా మేనత్త "రేపు అత్తగారింట్ల ఎట్ల బతుకుతవే" అంది. నేను అందరిలా మాట్లాడినట్టు నటించాలా, లేక నాకు ఆటిజం అని అందరికీ చెప్పెయ్యాలా? రెండూ భయంగానే ఉన్నాయి.
– ఒక డిగ్రీ విద్యార్థిని, పరకాల

జవాబు: బిడ్డా, రెండూ అక్కర్లేదు. నువ్వు మాట్లాడనప్పుడు అది ఎందుకో అవతలివాళ్లు సొంతంగా ఊహించుకుంటున్నారు, మన దగ్గర ముందుగా వచ్చే ఊహ పొగరు, ఆ తర్వాత కోపం. వాళ్లు ఊహించుకోకముందే నువ్వే ఒక ముక్క చెప్పి పెట్టు. "నేను తక్కువ మాట్లాడతా, కోపమేం లేదు, జవాబు చెప్పడానికి నాకు కొంచెం టైం పడుతుంది." అంతే. ఇందులో ఆటిజం అనే మాటే లేదు చూడు. పక్క బెంచీ అమ్మాయికి, ల్యాబ్‌లో నీతో ఉండేవాళ్లకి, క్లాస్ లీడర్‌కి చెబితే చాలు, మొత్తం క్లాసుకి ప్రకటించే పని లేదు. నోటితో చెప్పలేనంటే వాట్సాప్‌లో రాసి పంపు. నాకు ఇంత పొందికగా ఉత్తరం రాసిన దానివి, ఆ రెండు లైన్లు రాయలేవా?

రాయమని ఊరికే అనడం లేదు. 2017లో అమెరికాలో నోవా సాసన్ అనే ప్రొఫెసర్ బృందం ఒక పరిశోధన చేసింది. ఆటిజం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ మాట్లాడిన వీడియోల్లోంచి కొన్ని సెకన్ల ముక్కలు తీసి, వాళ్లెవరో తెలియని వాళ్లకి చూపించారు. చూసినవాళ్లు ఆ కాసేపట్లోనే ఆటిజం ఉన్నవాళ్లకి తక్కువ మార్కులేశారు, వాళ్లతో స్నేహం చెయ్యాలని తమకు పెద్దగా లేదన్నారు. గొంతు ఒక్కటే వినిపించినా అంతే, ఫొటో ఒక్కటే చూపించినా అంతే. అవే మాటల్ని కాగితం మీద పెట్టి చదవమన్నప్పుడు మాత్రం ఆ తేడా లేకుండా పోయింది. అంటే వాళ్లకి ఎక్కనిది చెప్పిన విషయం కాదు, గొంతు, చూపు, మొహం. లోపమంతా నాదే అన్నట్టు రాశావే, అలా కాదమ్మా. ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లోనే ఈ సంగతి వాదించాడు, ఆటిజం ఉన్నవాళ్లకి లేనివాళ్లు ఎంత అర్థం కారో లేనివాళ్లకి ఉన్నవాళ్లూ అంతే అర్థం కారని, ఆ ఎడం రెండు వైపులా ఉందని. కానీ సర్దుకోమని చెప్పేది మాత్రం ఎప్పుడూ ఒక వైపు వాళ్లకే.

నటన సంగతి కూడా చెబుతాను. ఎదుటివాళ్ల కళ్లలోకి బలవంతంగా చూస్తూ, ఎక్కడ నవ్వాలో లెక్కపెట్టుకుంటూ సాయంత్రం దాకా నెట్టుకొచ్చిన పిల్లలు ఇంటికెళ్లి అన్నం కూడా తినలేనంత అలిసిపోతారు, అది ఏళ్ల తరబడి సాగితే ఆందోళన, డిప్రెషన్ ఎక్కువగా కనిపిస్తున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. అప్పటికి కూడా జనానికి తేడా తెలిసిపోతూనే ఉంటుంది. అందుకే కళ్లలోకి చూడమని నేను నీకు చెప్పను. పుస్తకం వైపే చూడు. కాకపోతే "రాసుకుంటూ వింటే నాకు బాగా ఎక్కుతుంది సార్" అని ఒక్కసారి చెప్పెయ్.

పలకరింపులకి మాత్రం ఒక చిన్న ఉపాయం ఉంది, నేర్చుకుంటే రోజూ పనికొస్తుంది. మన వైపు "తిన్నవా?" "ఎప్పుడొచ్చినవ్?" "మంచిగున్నవా?" అని అడిగేవాళ్లకి నిజంగా ఆ వివరం కావాలని కాదు, నిన్ను చూశాను, నువ్వు నా మనిషివే అని చెప్పడం అది. నువ్వేమో నిజం జవాబు వెతుక్కుంటూ ఉండిపోతావు, ఈలోపు ఆ మనిషి రెండడుగులు దాటిపోయి "పలకరిస్తే పలకదు" అనుకుంటుంది. వెతకొద్దు. "తిన్న, నువ్వు తిన్నవా?" వాళ్ల ప్రశ్ననే వాళ్లకి తిప్పి అడగడం. తినకపోతే "ఇంకా లేదు, నువ్వు?" అది కూడా నోటికి రాని రోజు చెయ్యి కాస్త ఎత్తు. పరకాల బస్సులో రోజూ ఎక్కే వాళ్లు నలుగురైదుగురు ఉండే ఉంటారు, వాళ్ల దగ్గర మొదలుపెట్టు, రోజూ అవే మాటలు కాబట్టి ఇబ్బంది ఉండదు.

మీ మేనత్త మాటకి జవాబు చెప్పాల్సింది నువ్వు కాదు, మీ అమ్మ. "మా బిడ్డకు మాట తక్కువ, గంతే" అని అమ్మ ఒక్కసారి గట్టిగా అంటే చుట్టాల్లో సగం నోళ్లు మూతపడతాయి, అందుకే ఈ పేజీ అమ్మకి చూపించు. బతుకమ్మ ఆడటం నీకు ఎందుకు కష్టమో నేను ఊహించగలను, ఆ డీజే మోత, చప్పట్లు, అటూ ఇటూ తగిలే భుజాలు, మామూలు మనుషులకే తల తిరుగుతుంది. ఆడొద్దులే. పొద్దున పేర్చేటప్పుడు కూర్చో. గునుగు పూలు కట్టలు కట్టి రంగులద్దడం, తంగేడు వరస తర్వాత వరస పెట్టుకుంటూ పోవడం, ఇదంతా నోరు విప్పకుండా గంటలు గంటలు చేసే పని, చేతులు పనిలో ఉన్న పిల్లని ఎందుకు మాట్లాడవని ఎవరూ అడగరు. సాయంత్రం ఆట దగ్గర కాసేపు నిలబడి వచ్చేసినా "ఇయ్యాల బతుకమ్మ పేర్చింది ఇదే" అనే మాట మిగులుతుంది.

నిన్ను అనుకరించి నవ్వుతున్న ఆ ముగ్గురి విషయంలో మాత్రం సర్దుకోమని చెప్పను. అది సరదా కాదు. ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు అనేది ఫోన్‌లో రాసి పెట్టుకో. నీకు నమ్మకం ఉన్న ఒక లెక్చరర్‌కి, వీలైతే మేడమ్‌కి, దాన్ని అలాగే పంపు. కాలేజీ పట్టించుకోకపోతే యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. ఆటిజం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో చెప్పిన 21 రకాల వైకల్యాల్లో ఒకటి. వైకల్యం ఉన్న మనిషిని కించపరచాలనే ఉద్దేశంతో నలుగురి ముందూ అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు అని అదే చట్టం 92వ సెక్షన్ చెబుతుంది. పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తమని కాదు, నీ వైపు ఎంత బలం ఉందో నీకు తెలియాలని చెబుతున్నాను.

ఆటిజం అని పేరు పెట్టి చెప్పాల్సిన చోటు నాకు ఒక్కటే కనిపిస్తోంది, ఆ సెమినార్ సార్, ఆయన పైన ప్రిన్సిపాల్. అక్కడ అది నీకు పనికొస్తుంది. విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చెయ్యాలని ఆ చట్టమే కాలేజీలకి చెబుతోంది కాబట్టి, సెమినార్ క్లాసంతటి ముందూ కాకుండా సార్ ఒక్కరికే చెబుతాననో, రాసి ఇచ్చి ప్రశ్నలకి జవాబు చెబుతాననో అడుగు. ఇది జాలి చూపమని అడగడం కాదు. వైకల్య సర్టిఫికెట్ లేకపోతే స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకి, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుకి, దరఖాస్తు పెట్టు, వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ అని వస్తే రాత పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు, రేపు పీజీ సీటు రిజర్వేషన్‌కీ అదే ఆధారం. క్లాస్‌మేట్స్‌కి పేరు చెప్పడం మాత్రం ఆగి చూసుకో. ఆటిజం గురించి ఎంతో కొంత తెలిసినవాళ్లు అది వినగానే మెత్తబడతారు. అసలేమీ తెలియనివాళ్లు దాన్ని పిచ్చి కింద జమకట్టి ఇంకో నలుగురికి చెబుతారు. నీ పక్క బెంచీ అమ్మాయి ఆ మొదటి రెండు లైన్లు చదివి ఎలా ఉంటుందో ఒక నెల చూడు, మిగతాది ఆమెకి చెప్పాలో వద్దో నీకే తెలుస్తుంది. స్నేహం ఒక్కరితో కుదిరినా చాలు.

రాత్రి నిద్ర పట్టకపోయినా, కాలేజీ అనగానే కడుపులో తిప్పినట్టున్నా 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

ప్రశ్న: నేను కరీంనగర్‌లో జూనియర్ లెక్చరర్‌ని. నా క్లాసులో ఒక బాబు ఉన్నాడు, ఆటిజం అని తల్లిదండ్రులు చెప్పారు. రాతలో మంచి మార్కులు, నోరు మాత్రం విప్పడు. వాడిని మాట్లాడించడం ఎలా?
– ఒక లెక్చరర్

జవాబు: సార్, మాట్లాడించాలనే పట్టుదల పక్కన పెట్టండి, పాఠం అర్థమైందో లేదో తెలుసుకోవడం మీ పని, అది వాడి రాతలో తెలుస్తూనే ఉంది. ప్రశ్న అడగాలనుకుంటే "రేపు నిన్ను ఇది అడుగుతా" అని ముందు రోజే చీటీ ఇవ్వండి. అడిగాక ఆగండి. మనకి మౌనం ఇబ్బందిగా ఉండి రెండు సెకన్లకే ప్రశ్న మార్చి మళ్లీ అడుగుతాం, అప్పుడు వాడు మొదటి నుంచి ఆలోచించాలి. ఎప్పుడైనా తనంతట తాను మాట్లాడితే "అరె, ఇయ్యాల నోరు తెరిచిండు" అని చప్పట్లు కొట్టించకండి. ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు, కానీ క్లాసంతా తిరిగి చూసిన ఆ క్షణంతో వాడు ఇంకో నెల ముడుచుకుపోతాడు. మామూలుగా విని తల ఊపి ముందుకెళ్లండి. ప్రాక్టికల్స్‌లో మీకు నచ్చిన వాళ్లతో జతకట్టండి అని పిల్లలకి వదిలేస్తే చివరికి మిగిలేది వాడే, అందుకని జతలు మీరే వెయ్యండి, నెమ్మదస్తుడైన పిల్లాడిని చూసి. వైవా, అంటే నోటి పరీక్ష విషయంలో బయటి ఎగ్జామినర్ వచ్చిన రోజు కాకుండా ప్రిన్సిపాల్ ద్వారా ముందే మాట్లాడి పెట్టండి, ఆ పిల్లాడిని చివర్లో పిలిచి నిదానంగా అడిగేలా, అవసరమైతే జవాబు రాసి చూపించనిచ్చేలా.