చదువు, అమ్మ, వాలంటీరింగ్: జెరూసలేంలో ఒక యూదు జంట వేసవి

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. నా కొలీగ్, ఆయన భార్య యూదులు, ఇద్దరూ యాభై దాటినవాళ్లు. వేసవి రాగానే జెరూసలేం వెళ్తారు. "చదువుకుంటాం, అమ్మ దగ్గర ఉంటాం, వాలంటీరింగ్ చేస్తాం" అంటారు. ఈ వయసులో చదువేంటి? ఈ మూడూ ఒక్క ట్రిప్‌లో ఎలా కుదురుతాయి? తెనాలిలో మా అత్తగారిని ఒక కేర్‌టేకర్ చూసుకుంటోంది. మేమూ ఇలా చేయొచ్చా?

జవాబు: సరిగ్గా ఇలాంటి జంటని నేను దగ్గరుండి చూశానండి. జెరూసలేంలో ఒక పెద్దావిడ దగ్గర కేర్‌గివర్‌గా పనిచేశాను. మనవలు పిలిచినట్టే నేనూ ఆవిణ్ణి సవ్తా, అంటే బామ్మ, అనేదాన్ని. ఆవిడ అమెరికాలో పుట్టి పెరిగి, భర్త పోయాక ఇజ్రాయెల్ వచ్చి స్థిరపడ్డారు. చిన్నకూతురు జెరూసలేం దగ్గరే బేత్ షెమెష్ అనే ఊళ్లో ఉండేది. పెద్దకూతురు మీ న్యూజెర్సీలోనే స్కూల్ టీచర్, అల్లుడు అకౌంటెంట్. స్కూళ్లకి సెలవులివ్వగానే ఇద్దరూ వచ్చి జులై ఆఖరు దాకా ఉండేవాళ్లు. ఎక్కువగా 2023 వేసవి గురించి చెప్తాను.

ముందు చదువు సంగతి. వాళ్లు పొద్దున్నే పార్డెస్ అనే సంస్థకి వెళ్లేవాళ్లు. 1972 నుంచి నడుస్తోంది. అక్కడ ఆడా మగా కలిసి కూర్చుని తోరా (బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాలు), తల్మూద్ (యూదు పండితుల చర్చల గ్రంథం) చదువుతారు. సంప్రదాయ యెషివాల్లో, అంటే యూదు మత పాఠశాలల్లో, అలా కుదరదు. వేసవి కోర్సుకి వచ్చేవాళ్లు డిగ్రీ కోసం రారు. డాక్టర్లు, రిటైరైనవాళ్లు, కాలేజీ పిల్లలు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. చదివే పద్ధతిని హవ్రూతా అంటారు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు, ఒకరు పైకి చదువుతారు, రెండోవారు అడ్డం పడి ప్రశ్నిస్తారు. మన లైబ్రరీ నిశ్శబ్దం అక్కడ ఉండదు, హాలంతా గోలే.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక డైనింగ్ టేబుల్ మీద మళ్లీ అదే పని. తల్మూద్ పేజీ చూస్తే మీకే అర్థమవుతుంది. నడిమధ్య అసలు పాఠం, ఒక పక్క 11వ శతాబ్దపు ఫ్రాన్స్ పండితుడు రాషి వ్యాఖ్యానం, ఇంకో పక్క ఆయన తర్వాతివాళ్ల అభ్యంతరాలు. పేజీలోనే వాదన నడుస్తుంటుంది, చదివేవాళ్లు అందులో చేరతారు. మొదట్లో భార్యాభర్తల గొంతులు పెరిగితే గొడవపడుతున్నారేమోనని నాకు టెన్షన్. సవ్తా మాత్రం, "కానివ్వు, చదువుకుంటున్నారు" అనేవారు. ఈ వయసులో చదువేంటి అన్నారు కదా, వాళ్ల లెక్కలో ఇది వయసుతో ముగిసే చదువు కాదు. రోజుకొక పేజీ చొప్పున తల్మూద్ మొత్తం చదివే పద్ధతి ఒకటి 1923లో మొదలైంది. మొత్తం 2,711 పేజీలు, ఏడున్నరేళ్లు పడుతుంది. పూర్తి చేసినవాళ్లు మళ్లీ మొదటి పేజీ తెరుస్తారు.

ఇక మూడూ ఒక్క ట్రిప్‌లో ఎలా అన్నది. ఆ ఏడాది వాళ్లు చదివినవాటిలో మిష్నా (తల్మూద్‌కి మూలగ్రంథం) లోని పేయా అనే భాగం ఉంది. పొలం మూల కోయకుండా పేదలకి వదిలేసే నియమాల గురించి. దాని మొదటి పేరాలోనే ఒక మాట వస్తుంది. కొన్ని పనుల ఫలం మనిషి ఈ లోకంలో వడ్డీలా అనుభవిస్తాడు, అసలు మాత్రం పరలోకంలో అలాగే నిలిచి ఉంటుంది. ఏమిటా పనులు? తల్లిదండ్రులని గౌరవించడం, సాటివాళ్లకి ఉపకారం చేయడం, మనుషుల మధ్య సమాధానం కుదర్చడం, వీటన్నిటికీ సమానమైనది తోరా చదవడం. మీ కొలీగ్ చెప్పిన మూడూ ఇందులోనే ఉన్నాయి చూడండి. ఈ మాటలు పొద్దుటి ప్రార్థనలో కూడా ఉంటాయి, రోజూ చదివేవాళ్లకి కంఠతా వచ్చేస్తాయి. ఆ జంట మూడు పనులని ఒక ట్రిప్‌లో ఇరికించలేదు. వాళ్లకి ఆ మూడూ ముందునుంచే ఒక చోట ఉన్నాయి.

పేయా చదువుతున్న వారంలోనే ఒకరోజు పొలానికి వెళ్దాం రమ్మన్నారు. చెల్లెలు వచ్చి సవ్తా దగ్గర కూర్చుంది. లెకెట్ ఇజ్రాయెల్ అని 2003లో మొదలైన ఫుడ్ బ్యాంక్ ఉంది. అమ్ముడుపోక పొలంలో మిగిలిపోయే పంటని వాలంటీర్ల చేత కోయించి పేదలకి వంట చేసిపెట్టే సంస్థలకి పంపిస్తుంది. మేం వంకాయలు కోశాం. ఎండ మాడ్చేస్తోంది. అల్లుడుగారికి నడుం పట్టేసినా ఆపలేదు. కోస్తూనే పేయాలోని నియమాలు చెప్పుకొచ్చారు: కోతలో జారిపడిన కంకులు ఒకటో రెండో అయితే పేదవాడివి, మూడు పడితే రైతువి. పొలంలో మరిచిపోయిన పన కోసం రైతు వెనక్కి వెళ్లకూడదు. మూలన వదిలేది పొలంలో అరవయ్యో వంతుకి తగ్గకూడదు. మాది పశ్చిమ గోదావరి. వరికోతలయ్యాక మా ఊళ్లో కూలీల ఇళ్లలోని ఆడవాళ్లు పరిగె ఏరుకునేవాళ్లు. చిన్నప్పుడు చర్చిలో, బైబిల్లో పరిగె ఏరుకున్న రూతు కథ విన్నప్పుడల్లా నాకు వాళ్లే కనిపించేవాళ్లు. రైతు దయ తలిస్తే ఏరుకోవడం వేరు, అది పేదవాడి హక్కని చట్టంలో రాసిపెట్టడం వేరు. ఆ తేడా నాకు ఆ పొలంలోనే తెలిసింది.

ఆ శరదృతువులోనే, అక్టోబరు 7 హమాస్ దాడి తర్వాత, వేలమంది థాయ్ కార్మికులు దేశం వదిలి వెళ్లిపోయారు. పాలస్తీనా కార్మికుల పర్మిట్లు ఆగిపోయాయి. పంట పొలాల్లోనే కుళ్లిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు విదేశాల నుంచి కూడా జనం పొలం పనికి వచ్చారు. అంతకుముందు ఒకట్రెండు వేసవులు వంగి కోసిన అనుభవం ఉన్నవాళ్లు అప్పుడు ఎంత అక్కరకొచ్చారో.

వాలంటీరింగ్ గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. నాలుగు వారాలకి వచ్చేవాళ్లు నాలుగు వారాల్లో తెమిలే పనే చేయాలి. పంట కోయడం, డబ్బాలు సర్దడం అలాంటివే. ఒక వృద్ధుల డే సెంటర్‌లో నేను చూశాను. వేసవి గ్రూపులు వచ్చి ముసలివాళ్ల చేతులు పట్టుకుని ఫొటోలు దిగి, వారం తిరక్కుండా మాయమైపోయేవి. తర్వాత "ఆ అమ్మాయి మళ్లీ ఎప్పుడొస్తుంది" అని అడిగే పెద్దవాళ్లకి జవాబు చెప్పాల్సింది మేం. మనుషులతో అనుబంధం కావాల్సిన సేవ స్థానికులు చేస్తేనే నిలుస్తుంది. వీల్‌చైర్లలాంటి వైద్య పరికరాలు అరువిచ్చే యాద్ సారా సంస్థని చూడండి. ఊరీ లుపొలియాన్‌స్కీ అనే స్కూల్ టీచర్ ఒకసారి జబ్బుపడ్డ బిడ్డ కోసం పక్కింటివాళ్ల ఆవిరి మెషిన్ అరువు తెచ్చుకున్నాడట. అక్కడినుంచి 1976లో ఆ సంస్థ పుట్టింది. ఆయనే తర్వాత జెరూసలేం మేయరయ్యారు. సవ్తా వీల్‌చైర్ అక్కడిదే, డిపాజిట్ కట్టి తెచ్చుకున్నాం. అక్కడ పనిచేసే వాలంటీర్లలో చాలామంది ఆ ఊరి రిటైరైనవాళ్లే.

ఇప్పుడు అమ్మ సంగతి. నా దృష్టిలో ఆ జంట చేసిన అతిపెద్ద సేవ ఇంట్లోనే. వచ్చిన మొదటి రెండు రోజులు కూతురు నా వెనకే తిరిగింది. మందులు ఎప్పుడు, మంచం మీంచి ఎలా లేపాలి, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, అన్నీ రాసుకుంది. ఆ తర్వాత రాత్రి డ్యూటీ తను తీసుకుని నన్ను నిద్రపొమ్మంది. ఏడాది పొడవునా పడుకున్నా సగం మెలకువతో ఉండే కేర్‌గివర్‌కి అది ఎంత పెద్ద వరమో మాటల్లో చెప్పలేను.

ఒక శుక్రవారం రాత్రి షబ్బాత్ (యూదుల విశ్రాంతి దినం) భోజనాల దగ్గర అల్లుడుగారు ఒక కథ చెప్పారు. అష్కెలోన్‌లో దామా బెన్ నెతినా అనే అన్యుడు ఉండేవాడు. యాజకుడి వస్త్రంలో పొదిగే రత్నం అతని దగ్గర ఉందని యెరూషలేము పండితులు కొనడానికి వెళ్లారు. లక్షల దీనారాల లాభం. తాళం చెవి నిద్రపోతున్న తండ్రి తల కింద ఉంది. అతను తండ్రిని లేపలేదు, బేరం వదులుకున్నాడు. తల్లిదండ్రులని ఎంతవరకు గౌరవించాలి అన్న ప్రశ్నకి తల్మూద్ చూపించే ఉదాహరణ యూదుడు కాని ఈ మనిషే. కథ అయ్యాక సవ్తా నా చెయ్యి పట్టుకున్నారు. బల్ల దగ్గర కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. (ఆ రాత్రే వాళ్లు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర ఉన్న బెనె ఎఫ్రయిమ్ అనే తెలుగు యూదుల గురించి నన్ను అడిగారు. నాకు ఏమీ తెలియదు. ఆ తర్వాతే చదివి తెలుసుకున్నాను.)

జులై చివర్లో తిషా బె ఆవ్ వచ్చింది, పూర్వం జెరూసలేంలో యూదుల రెండు ఆలయాలూ కూలిన రోజు. ఉపవాసం ఉండి, నేల మీద కూర్చుని బైబిల్లోని విలాపవాక్యములు చదువుతారు. రెండో ఆలయం కారణంలేని ద్వేషం వల్ల కూలిందని తల్మూద్ చెప్తుంది. 2023లో ఆ ఉపవాసానికి రెండు రోజుల ముందే కోర్టుల అధికారాలు తగ్గించే చట్టం ఇజ్రాయెల్ పార్లమెంటులో పాసైంది, ఊరంతా నిరసనలు. ఇంట్లో అక్కాచెల్లెళ్లు చెరో పక్షం. అయినా ఆ సాయంత్రం ఇద్దరూ పక్కపక్కనే నేల మీద కూర్చుని చదివారు.

మీ విషయానికొస్తే, తప్పకుండా చేయొచ్చండి. మీ న్యూజెర్సీ స్కూళ్లకి సెలవులు జూన్ చివర్లో మొదలవుతాయి, అప్పటికి మన బడులు తెరిచేసి ఉంటాయి. కాబట్టి వాలంటీరింగ్‌కి తెనాలి చుట్టుపక్కల ఏదైనా ప్రభుత్వ బడి హెడ్మాస్టర్‌కి ముందే ఫోన్ చేసి, మూడు వారాల్లో పూర్తయ్యే పని ఏముందో అడగండి. మీరే పని ఊహించుకుని వెళ్లకండి. చదువు కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. మీ అత్తగారు రోజూ పారాయణ చేసే పుస్తకం ఏదో ఉండే ఉంటుంది. ఆవిణ్ణి పైకి చదవమనండి, మీరు ప్రశ్నలు అడగండి. వినేవాళ్లుంటే పెద్దవాళ్లకి ఎంత గుర్తొస్తుందో మీరే చూస్తారు.

అన్నిటికన్నా ముందు, టికెట్లు కొనకముందే ఆ కేర్‌టేకర్‌కి ఫోన్ చేసి తను ఏ తేదీల్లో ఇంటికి వెళ్లొస్తే బాగుంటుందో కనుక్కోండి. జీతం కోయకుండా పంపండి. తను బయల్దేరడానికి రెండు రోజుల ముందే మీరు చేరుకుని, పని అంతా తన దగ్గరే నేర్చుకోండి.