అడుగుకు తాళం, ఊపిరికి ఆవర్తనం
పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

ప్రశ్న: రోజూ పొద్దున్నే 40 నిమిషాలు నడుస్తాను. చెవిలో సినిమా పాటలు పెట్టుకుంటే కాసేపు హుషారుగా సాగుతుంది, కాసేపటికి కాళ్లు ఈడుస్తాయి. ఎలాంటి పాటలు ఎంచుకోవాలండీ?
– గృహిణి, తెనాలి

జవాబు: మీకు నచ్చిన పాటల్లోంచే ఎంచుకోండి, కాకపోతే ముందు దరువు లెక్కపెట్టండి. పాట వింటుంటే చేయి దానంతటదే తొడమీద తాళం వేస్తుంది కదా, ఆ దెబ్బల్ని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 28 దెబ్బలు పడితే పాట వేగం నిమిషానికి 112. తర్వాత పాట ఆపేసి మీ మామూలు నడకలో అడుగుల్ని కూడా అలాగే లెక్కపెట్టండి. పెద్దవాళ్లు నిమిషానికి సుమారు 100 అడుగులు వేస్తే ఓ మోస్తరు వ్యాయామం కింద లెక్క. 115, 120 అంటే చురుకైన నడకే. మీ లెక్కకన్నా నాలుగైదు దెబ్బలు ఎక్కువున్న పాటలు చాలు. ఒక్కసారిగా 20 పెంచితే అడుగు తాళానికి అందదు. అందుకోవాలని అంగలు సాగదీస్తే పిక్కలు పట్టేస్తాయి.

చాలామంది తిశ్రగతి (దెబ్బకు మూడక్షరాల నడక) దగ్గర పొరపడతారు. తకిట తకిట అని నడిచే పాటలో ప్రతి అక్షరాన్నీ లెక్కపెడితే వేగం మూడింతలు కనిపిస్తుంది. ‘త’ మీద పడే దెబ్బనే లెక్కలోకి తీసుకోవాలి. ఇక మీ కాళ్లు ఈడ్చడానికి కారణం బహుశా పాటల మొదట్లో వచ్చే సాకీ, చరణాల మధ్య వచ్చే వాద్యసంగీతం. అక్కడ తాళం ఆగిపోతుంది, లేదా వేగం తగ్గుతుంది. అలాంటి పాటల్ని నడక జాబితాలోంచి తీసేయండి, ఇంట్లో కూర్చుని వినడానికి ఉంచుకోండి. కోలాటం, చెక్కభజన పాటలు మెల్లగా మొదలై వేగం పుంజుకుంటాయి కనుక మొదటి 5 నిమిషాల్లో ఒళ్లు వేడెక్కడానికి చక్కగా కుదురుతాయి. తర్వాతి అరగంట ఒకే వేగం ఉన్నవి, చివరి 5 నిమిషాలు 90కి దిగేవి పెట్టుకోండి.

తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో మెదడు ముందే పసిగట్టి కాలిని సిద్ధం చేస్తుంది. నడక ఎగుడుదిగుళ్లు లేకుండా సాగితే శ్రమ వృథా కాదు. ఇథియోపియా పరుగు వీరుడు హైలే గెబ్రెసెలాసీ 1998లో బర్మింగ్‌హామ్ ఇండోర్ ట్రాక్ మీద 2,000 మీటర్ల ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు, స్టేడియంలో మోగుతున్న పాట లయకే అడుగులు కలిపాడు. మీ ఇంట్లో పరుగెత్తేవాళ్లుంటే వారికి 170 వేగం పాట వెతకక్కర్లేదు. 85 వేగం పాటలో దెబ్బకు రెండడుగులు పడితే సరి, కర్ణాటక సంగీతంలో రెండో కాలం (అదే తాళంలో రెట్టింపు వేగం) పాడినట్టే.

ప్రశ్న: జిమ్‌లో పెద్దగా పాటలు పెడితే రెండు మూడు రెప్స్ ఎక్కువ చేయగలుగుతున్నాను. ఇంటికెళ్లాక చెవుల్లో గుయ్‌మంటోంది, భుజం నొప్పి. పాట వల్ల బలం నిజంగా పెరుగుతుందా?
– డిగ్రీ విద్యార్థి, నిజామాబాద్

జవాబు: పెరగదు. అలసట కబురు మెదడుకు చేరే దారిలో పాట కాస్త అడ్డు నిలుస్తుంది, అంతే. ఓ మోస్తరు వ్యాయామంలో శ్రమ తక్కువగా తోస్తుంది. ఆయాసంతో నోట మాట రాని దశకు చేరాక ఒంటి కేకే గెలుస్తుంది. అప్పుడు పాట ఉత్సాహం ఇవ్వగలదేమో గానీ అలసటను దాచలేదు. భుజం నొప్పి మాత్రం అలసట కాదు, దాన్ని పాటతో కప్పిపుచ్చకండి. బరువు ఎత్తే ముందు, సెట్ల మధ్య విరామంలో పాట వినండి. బరువైన సెట్ చేస్తున్నప్పుడు ఆపేసి, మోచేయి ఎటు పోతోందో చూసుకోండి. నొప్పి వారమైనా తగ్గకపోతే వైద్యుడికి చూపించండి.

చెవిలో గుయ్‌మనడం అంటే లోపలి చెవి కణాలు దెబ్బతింటున్నాయన్న హెచ్చరిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు వినవచ్చు, 90 డెసిబెల్స్ అయితే 4 గంటలే. ఫోన్ శబ్దం 60 శాతం దాటనివ్వకండి.

ప్రశ్న: రాత్రి నిద్ర పట్టక నీలాంబరి రాగం పెట్టుకుంటున్నాను. కొన్నాళ్లు పనిచేసింది, ఇప్పుడు లేదు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: నీలాంబరి మనకు జోలపాటల రాగం, ఆ అలవాటుకూ బలముంది మాస్టారూ. అయితే ఒంటి మీద ఎక్కువగా పనిచేసేది వేగం. ఇటలీలోని పావియాలో పరిశోధకుడు బెర్నార్డీ బృందం 24 మందికి రకరకాల సంగీతం వినిపించి 2006లో ఫలితాలు ప్రచురించింది. పాట వేగం పెరిగినప్పుడు ఊపిరి, రక్తపోటు, గుండె వేగం పెరిగాయి. మధ్యలో ఇచ్చిన 2 నిమిషాల నిశ్శబ్దంలో గుండె వేగం, రక్తపోటు మొదటికన్నా కిందికి దిగాయి. కాబట్టి పాట అయ్యాక వచ్చే ఆ మౌనాన్ని వదులుకోకండి. రాత్రంతా పాట నడవకుండా 30 నిమిషాలకు టైమర్ పెట్టండి.

మీరు వింటున్నది కచేరీ రికార్డింగ్ అయితే తని ఆవర్తనం (మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం), చప్పట్లు రాగానే కునుకు చెదిరిపోతుంది. తాళం లేని ఆలాపన, వేణువు లేదా వీణ మీద, తక్కువ శబ్దంతో పెట్టుకోండి. సాహిత్యం ఉంటే మీలాంటివారి మనసు అర్థం వెంట పోతుంది.

పడుకునే ముందు ఇది కూడా చేసి చూడండి. మెట్రోనోమ్ యాప్‌ను (టిక్కు టిక్కుమని లయ చూపేది) నిమిషానికి 48 దగ్గర ఉంచండి. ఆది తాళం ఎనిమిది అక్షరాలకు సరిగ్గా 10 సెకన్లు పడుతుంది. లఘువు నాలుగూ (మొదటి నాలుగు దెబ్బలు) ఊపిరి పీల్చడానికి, రెండు ద్రుతాలూ (తర్వాతి నాలుగు) వదలడానికి. నిమిషానికి ఆరు ఊపిరులు. 5 నిమిషాలు, అంటే 30 ఆవర్తనాలు (తాళం చుట్లు) చాలు. మొదట్లో ఊపిరి చాలకపోతే 60 దగ్గర మొదలుపెట్టి, రోజుకు రెండు చొప్పున తగ్గించండి. తల తిరిగితే గుండెల నిండా బలంగా పీలుస్తున్నారన్నమాట, మామూలుగా పీల్చండి. మధ్యలో బిగబట్టకండి.

ప్రశ్న: బీటా బ్లాకర్ మాత్రలు వాడుతున్నాను. గుండె వేగాన్ని బట్టి పాటలు ఎంచే యాప్ నాకు పనికొస్తుందా?
– వ్యాపారి, కర్నూలు

జవాబు: పనికిరాదు. ఆ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు కనుక, మీరెంత శ్రమపడినా యాప్ ఇంకా వేగమైన పాటే ఇస్తుంది. నడుస్తూ పక్కవారితో రెండు వాక్యాలు మాట్లాడగలిగే వేగం మీకు సరైనది. దానికి తగిన పాటను పైన చెప్పినట్టు మీరే లెక్కపెట్టుకోండి. ఎంత వ్యాయామం చేయవచ్చో మాత్రం మీ గుండె వైద్యుణ్ని అడగండి. రోడ్డు మీద నడిచేటప్పుడు ఒక చెవి ఖాళీగా ఉంచండి.