ఒక్క & చాలదా సారూ?

ప్రశ్న: మిర్యాలగూడలో డిప్లొమా చదువుతున్నాను సార్. మా బాబాయి పనిచేసే రైస్‌మిల్లు కోసం జావాలో చిన్న ప్రోగ్రాం రాశాను. రైతు వివరాలు దొరికాయా, అతని వడ్లలో తేమ 17 శాతం దాటలేదు కదా అని ఒకే ఇఫ్‌లో చూస్తూ మధ్యలో & పెట్టాను. టోకెన్ నంబరు తప్పు కొడితే చాలు, నల్ పాయింటర్ (లేనిదాన్ని వాడబోయావనే ఎర్రర్) అంటూ ఆగిపోతోంది. ఫ్రెండు చెప్పాడని && పెడితే సరిపోయింది. రెండూ ‘యాండ్’ కదా, తేడా ఎక్కడ?

జవాబు: మిల్లు గేటు దగ్గర గుమస్తాను చూశావా తమ్ముడూ? టోకెన్ లేదంటే బస్తాకు గుచ్చి గింజలు తీసే పనే పెట్టుకోడు. && అలాంటిది. ఎడమ పక్కది అబద్ధమని తేలితే కుడివైపు చూడనే చూడదు. & మాత్రం రెండు పక్కలా చూసి తీరుతుంది. దొరకని రైతును తేమ ఎంతని అడిగింది, ప్రోగ్రాం పడిపోయింది. తేమను ఎడమకు మార్చావా, && కూడా కాపాడదు.

‘ఆర్’ (లేదా) అనే || కూడా అంతే, ఎడమది నిజమైతే ఆగుతుంది. దీన్ని షార్ట్ సర్క్యూట్ అంటారు. పేరు వింటే కాలిన బోరు మోటారే గుర్తొస్తుంది గానీ, ఇక్కడ ఏదీ కాలదు!

నాకు && తోనే దెబ్బ తగిలింది. నల్లగొండలో ఒక ఆఫీసుకు దరఖాస్తు ఫారం చేశాను. ఫోన్ నంబరు, పిన్‌కోడ్, పుట్టిన తేదీ... ఏది తప్పైతే దాని పక్కన ఎర్రక్షరాలు రావాలి. మూడు తప్పులున్నా ఒక్కటే చూపించేది. అది దిద్దితే ఇంకోటి. ఒక పెద్దాయన మూడుసార్లు కౌంటర్ దగ్గరికొచ్చి “అన్నీ ఒక్కసారే చెప్పరాదా బిడ్డా” అన్నాడు. & పెట్టాను, మూడూ ఒకేసారి వచ్చాయి. నా తర్వాత వచ్చిన కుర్రాడు దాన్ని అచ్చుతప్పనుకొని మళ్ళీ && చేశాడు! అప్పటినుంచి మూడు ఫలితాలనూ విడివిడిగా వేరియబుల్స్‌లో పెట్టుకొని, ఆ తర్వాతే && తో కలుపుతున్నాను.

సీ భాషలో అయితే జవాబే మారుతుంది. 1 && 2 అంటే నిజమే, రెండూ సున్నా కావు కాబట్టి. 1 & 2 మాత్రం బిట్టుకు బిట్టు పోలుస్తుంది. బైనరీలో 1 అంటే 01, 2 అంటే 10, రెండింట్లోనూ ఒకే చోట 1 ఉన్న బిట్టు లేదు, వచ్చేది సున్నా. పైగా అక్కడ & కన్నా సమానమా అని చూసే == కే ముందు వరుస. మొదట్లో && లేదు, & తోనే నడిచేది. && వచ్చాక కూడా పాత వరుసను అలాగే ఉంచారని సీని తయారుచేసిన డెనిస్ రిచీయే రాశాడు. సీలో & వాడినప్పుడు బ్రాకెట్లు మరచిపోకు.