చక్రం నట్లు ఎంత బిగించాలి?

ప్రశ్న: మాది హోండా సిటీ. పంక్చర్ షాపులో ఎయిర్ గన్‌తో బిగించిన నట్లు, నెల తర్వాత దారిలో స్టెప్నీ వేద్దామంటే కదల్లేదు. పానా మీద నిలబడి తొక్కితే ఒక స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) పుటుక్కున విరిగింది. టార్క్ రెంచ్ (మనం పెట్టుకున్న బిగింపు రాగానే టక్‌మనే పానా) కొందామనుకుంటున్నాను. ఎలా వాడాలి?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ స్టడ్ మీ కాలి కింద విరిగినా, దెబ్బ తిన్నది మాత్రం నెల కిందట షాపులోనే. మీ కారు నట్లకు కంపెనీ చెప్పిన బిగింపు 108 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత). ఎయిర్ గన్ ట్రిగ్గర్ అలాగే నొక్కిపట్టుకుంటే దానికి మూడు రెట్లు దాటడం పెద్ద విషయం కాదు.

నట్టు బిగించినప్పుడు స్టడ్ వెంట్రుకవాసి సాగుతుంది. సాగింది కాబట్టి వెనక్కి లాగుతుంది, ఆ లాగుడే చక్రాన్ని హబ్‌కు (చక్రం తగిలించే, దానితో పాటే తిరిగే భాగానికి) అదిమి పట్టి ఉంచుతుంది. మీ కారు స్టడ్ 12 మి.మీ. లావు. 108 దగ్గర ఒక్కో స్టడ్ సుమారు నాలుగున్నర టన్నుల బలంతో లాగుతుంది. హద్దు మీరి బిగిస్తే స్టడ్ సాగినది సాగినట్టే ఉండిపోతుంది, మళ్ళీ వెనక్కి రాదు. బిగింపు చాలకపోతే చక్రం హబ్ మీద కంటికి కనపడనంతగా జరుగుతూ, తిరిగిన ప్రతిసారీ స్టడ్‌ను అటూ ఇటూ వంచుతుంది. తీగను పదేపదే వంచితే తెగినట్టు చివరికి అదీ తెగుతుంది.

అందుకని ముందు చేయాల్సింది ఆ చక్రానికి ఉన్న మిగతా మూడు స్టడ్లనూ, నట్లనూ కూడా మార్పించడం. వాటి మీదా అదే గన్ పడింది.

ఇక పద్ధతి. చక్రం నేల మీద ఉండగానే మామూలు పానాతో నట్లు సగం చుట్టు వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తండి. వదులు చేయడానికి టార్క్ రెంచ్ వాడితే దాని లెక్క తప్పుతుంది. చక్రం తీశాక హబ్ ముఖాన్నీ, చక్రం వెనక అది ఆనే చోటునూ వైర్ బ్రష్‌తో రుద్దండి. దీన్ని చాలామంది వదిలేస్తారు, కానీ చాలా ముఖ్యం. మధ్యలో చిక్కుకున్న తుప్పు పొరలు రెండు రోజుల్లో నలిగి రాలిపోతాయి, అంత మేరా నట్టు వదులవుతుంది.

నట్లు వేళ్లతోనే ఎక్కించండి. ఐదారు చుట్లు సాఫీగా వెళ్లాలి. మధ్యలో పట్టేస్తే థ్రెడ్ వంకరగా ఎక్కిందన్నమాట, వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టండి. తర్వాత పానాతో ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా బిగిస్తూ చక్రాన్ని హబ్‌కు సమంగా ఆనించండి. ఐదు నట్లుంటే నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి. టైరు నేలకు తగిలి తిరగకుండా ఉండేంతవరకు జాకీ దించండి.

ఇప్పుడు రెంచ్. అరంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు కొన) ఉన్నదీ, 40 నుంచి 200 దాకా కొలిచేదీ కార్లకు సరిపోతుంది. పిడిని తిప్పి కడ్డీ మీద 100 గీతకు తెచ్చి, పిడి అంచు మీది అంకె 8కి వచ్చేదాకా ఇంకొంచెం తిప్పితే 108. తాళం వేయండి. పిడి మధ్యలో పట్టుకుని, ఊపు లేకుండా నిదానంగా లాగండి. టక్‌మని చేతికి తెలిసిన క్షణం ఆపేయాలి. రూఢి చేసుకుందామని ఇంకో రెండుసార్లు టక్‌మనిపించారా, ప్రతిసారీ కాస్త ఎక్కువ బిగిసినట్టే. జాకీ పూర్తిగా దించాక అదే వరుసలో ఒక్కసారి చూడండి. 80-100 కిలోమీటర్లు తిరిగాక, చక్రాలు చల్లబడ్డాక మరోసారి. అల్లాయ్ వీల్స్‌కు ఇది తప్పనిసరి.

ప్రశ్న: సర్వీసు నుంచి వచ్చిన స్విఫ్ట్‌కు టార్క్ రెంచ్ పెట్టి చూశాను. నట్టు కదలకుండానే అన్నీ టక్‌మన్నాయి. అంతా సరిగ్గా ఉన్నట్టేనా?
- ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: బిగింపు తక్కువ లేదని మాత్రమే తెలిసింది. ఎక్కువ ఉందో లేదో ఆ శబ్దం చెప్పదు. 300 దగ్గర బిగిసిన నట్టు మీద కూడా రెంచ్ అలాగే టక్‌మంటుంది. ఒక్కో నట్టునూ మామూలు పానాతో సగం చుట్టు వదిలి, రెంచ్‌తో మళ్ళీ బిగించండి. అది పూర్తయ్యాకే పక్కదాన్ని ముట్టుకోండి. పాత స్విఫ్ట్‌లకు 85, కొత్త వాటికి 100 అని ఉంటుంది, కాబట్టి మీ బండితో వచ్చిన పుస్తకంలో చూసి పెట్టుకోండి. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంటే, నట్లు ఎక్కువ తక్కువలుగా బిగించడం వల్ల డిస్క్ వంకరపోయిందేమో కూడా చూపించండి.

ప్రశ్న: తుప్పు పట్టకుండా స్టడ్లకు ఇంజిన్ ఆయిల్ రాయవచ్చా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దు. మనం పెట్టే బలంలో చాలావరకు రాపిడికే పోతుంది, స్టడ్‌ను సాగదీయడానికి మిగిలేది పదో వంతు. పుస్తకంలోని అంకె పొడి థ్రెడ్‌ను లెక్కలో పెట్టుకుని ఇచ్చింది. నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే అంకె దగ్గర స్టడ్ ఇంకా ఎక్కువ సాగుతుంది. నాలుగున్నర టన్నులు ఉండాల్సిన చోట ఆరు కావచ్చు. తుప్పు ఉంటే బ్రష్‌తో దులిపి పొడిగుడ్డతో తుడవండి. బ్రష్‌కు కూడా పోనంత తుప్పుంటే స్టడ్ మార్చడమే.

ప్రశ్న: హోండాకు బయట కొన్న అల్లాయ్ వీల్స్ వేయించాను. పాత నట్లే వాడవచ్చా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నట్టు చక్రానికి ఆనే చోట దాని ఆకారం చూడండి. హోండా కంపెనీ నట్లు అక్కడ బంతిలా గుండ్రంగా ఉంటాయి. బయట దొరికే అల్లాయ్‌లకు ఎక్కువగా 60 డిగ్రీల కోన్ నట్లు కావాలి. గుండ్రని నట్టు కోన్ గుంటలో సన్నని గీతలా మాత్రమే ఆనుతుంది. రెంచ్ టక్‌మంటుంది, కానీ పట్టు ఉండదు, కొన్నాళ్లకు గుంట అరిగి వదులవుతుంది. స్టెప్నీ ఇంకా కంపెనీ చక్రమే అయితే పాత నట్లు నాలుగూ డిక్కీలో ఉంచుకోండి.

ప్రశ్న: దారిలో టార్క్ రెంచ్ లేకపోతే అంచనా ఎలా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఎల్ పానా చేయి 25 సెంటీమీటర్లు ఉంటే, దాని చివర 40 కిలోల బలం పెడితే సుమారు 100 న్యూటన్ మీటర్లు. అంటే రెండు చేతులతో గట్టిగా లాగడం. 70 కిలోల మనిషి దాని మీద నిలబడితే 170 దాటుతుంది, కాబట్టి బిగించేటప్పుడు కాలు వాడకండి. ఇల్లు చేరాక వదిలి, రెంచ్‌తో సరిగ్గా బిగించండి.

ప్రశ్న: చలికాలం టైర్ల కోసం ఏటా రెండుసార్లు చక్రాలు మారుస్తాను. నా రెంచ్ మీద అడుగు పౌండ్లు ఉన్నాయి. మధ్యలో రెంచ్‌ను ఎలా దాచాలి?
- ఒక పాఠకుడు, టొరంటో

జవాబు: అడుగు పౌండ్లను 1.356తో గుణిస్తే న్యూటన్ మీటర్లు. 80 అంటే 108. పని అయ్యాక పిడిని స్కేలు మీది అన్నిటికంటే చిన్న గీతకు తిప్పి పెట్టెలో పెట్టండి. బిగింపు మీదే వదిలేస్తే లోపలి స్ప్రింగ్ అలిసిపోతుంది, గీత కంటే కిందికి తిప్పినా లెక్క తప్పుతుంది. ఆరు నెలల తర్వాత తీసినప్పుడు తక్కువ అంకె మీద నాలుగైదుసార్లు టక్‌మనిపించి, లోపలి గ్రీజు పరుచుకున్నాకే నట్టు మీద పెట్టండి. కింద పడితే మాత్రం క్యాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) చేయించకుండా వాడకండి.