ఎలక్షన్లో నిలబడినాయనకి వికీపీడియాలో పేజీ పెట్టొచ్చా?

అడిగినాయన వాళ్ళ చిన్నాయన ఇండిపెండెంటుగా నిలబడతా ఉండాడంట, తెలుగు వికీపీడియాలో పేజీ పెడితే ఉంటాదా, ఎట్ట రాయాల అంటాండాడు. నేను తిరుపతిలో ఉంటా, మన చుట్టుపక్కల ఊర్లు, గుళ్ళు, నియోజకవర్గాల పేజీలు ఏళ్ళ తరబడి దిద్దతా ఉండా. నిలబడినంత మాత్రాన పేజీ నిలవదు, ఎమ్మెల్యేగా గెలిస్తే నిలస్తాది. 2009లో చిరంజీవి తిరుపతిలో గెలిచి పాలకొల్లులో ఓడిపోయినాడు, రెండు చోట్లా ఓడినా ఆయన పేజీ ఉండేదే, అది సినిమాల వల్ల వచ్చింది గానీ నామినేషన్ వల్ల కాదు.

2024లో ఏప్రిల్ 29న విత్‌డ్రాలు అయిపోయి గుర్తులిచ్చినారు, ఆ రాత్రే మా వీధి పిల్లోడు వచ్చినాడు, "అన్నా, మా మామకి కుక్కర్ గుర్తొచ్చింది, వికీలో ఒక పేజీ పెట్టన్నా" అని. చేతిలో కరపత్రం, ఇంకు వాసన కూడా పోలేదు. మెట్ల మీద కూర్చోబెట్టి పెన్ను తీసినా. "పేదల పెన్నిధి" అని ఎవరన్నారబ్బా? మేమే అన్నా. కొట్టేసినా. "యువత ఆశాజ్యోతి", "నిరంతర ప్రజాసేవకుడు", అవీ కొట్టేసినా. వీధిలో బోరు వేయించినాడని ఇంకో లైను, అది నిజమే, ఆ నీళ్ళు నేనూ తాగినా, కానీ ఏ పేపర్లోనూ రాలేదు, మూలం లేకుండా ఎట్ట పెట్టేది, దాన్ని కొట్టేసేదానికి మాత్రం నాకు చెయ్యి రాలా. చివరికి మిగిలింది పేరు, వయసు, గుర్తు. పిల్లోడు మొహం చిన్నబోయింది. నేను పెట్టనంటే ఇంకెవరితోనో కరపత్రం ఉన్నదున్నట్టు ఎక్కించినాడు, వారం తిరగకుండానే తీసేసినారు.

కేసుల సంగతి ఇంకా ఘోరం. ఫారం 26 అఫిడవిట్లో అభ్యర్థులందరూ కేసులు, ఆస్తులు రాసిచ్చేదే కదా, వికీలో రాసే మనోళ్ళు ఎదుటి పార్టీ ఆయనవి మాత్రం ఏరి పెడతారు, పెండింగులో ఉండే కేసుని నేరం రుజువైనట్టు రాసేస్తారు. పెడితే అందరివీ పెట్టండి, లేదంటే ఎవరివీ వద్దు. జూన్ 4న ఓట్ల లెక్కింపు రోజు చూడాల, రెండో రౌండు కాకముందే పేజీల్లో "ఎమ్మెల్యే" అని మార్చేస్తాండారు, నేను వెనక్కి తిప్పతా కూర్చున్యా, ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా తినలా.

నా అసలు బాధ వేరే ఉంది సామీ. మన నియోజకవర్గం పేజీల్లో టేబులు చూడండి, చాలావాటిలో గెలిచినాయన, ప్రత్యర్థి, అంతే. మూడో ఆయన నుంచి అసలు లేనట్టే! అసెంబ్లీకి ఇండిపెండెంటుగా నిలబడాలంటే పదిమంది ఓటర్లు ప్రతిపాదిస్తా సంతకాలు పెట్టాల, పదివేలు డిపాజిట్ కట్టాల, ఎస్సీ ఎస్టీలయితే అయిదువేలు, చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బులు పోతాయి. అంత చేసినాయన పేరు ఒక వరసలో రాసేదానికి మనకేం బరువు? ఎలక్షన్ కమిషన్ ప్రతి ఒక్కరి ఓట్లూ ఇస్తాది. పోలింగుకి ముందయితే బ్యాలెట్లో ఉండే వరసే పెట్టండి, గుర్తింపు ఉండే పార్టీలు, తర్వాత రిజిస్టరయిన పార్టీలు, చివర ఇండిపెండెంట్లు, ఎవరి గుంపులో వాళ్ళు అక్షరాల ప్రకారం. అప్పుడు ఎవరిని పైన పెట్టినావని చర్చాపేజీలో కొట్లాట ఉండదు. లెక్కింపు అయినాక ఓట్ల ప్రకారం మార్చుకోవచ్చు.

పిల్లోడి మామ ఓడిపోయినాడు. ఆయన వరస నేనే ఎక్కించినా, పేరు, గుర్తు, ఓట్లు. మీ చిన్నాయనది ఏ నియోజకవర్గమో చెప్పండి, లెక్కింపు అయినాక టేబులు నేనే వేసిస్తా, నోటాతో సహా.